ఉప్పు పాతర

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళు నయాగరా గురించి చెబుతారు. నేను డెల్టా గురించి చెప్పబోతున్నాను. డెల్టా అనగానే పంటకాలువలు, కొబ్బరి తోటలు, గోదావరి గట్టూ కళ్ళముందు మెదులుతాయి గదా! యూటా రాష్ట్రంలోని ఈ డెల్టాకు ఆ భాగ్యమేమీ లేదు. అది ఎడారి మధ్య చిన్న ఊరు. దాని పక్కనుంచి పారే సెవియర్ నది సముద్రం మొహం ఎరగదు. ఎడారిలోనే ఒక చెరువు కేసి నడిచి, అక్కడికి చేరేలోపే దాదాపు ఇంకిపోతుంది.

2024 దసరా సెలవులకు సాల్ట్ లేక్ సిటీలో మా తమ్ముడి ఇంట దిగాము. ఒక శనివారం పొద్దున్నే వాడు, "అన్నయ్యా, పద, నీకొక పాతర చూపిస్తాను" అన్నాడు.

"పాతర చూడడానికి ఇంతదూరం రావాలటయ్యా! మీ అన్నగారి తాతల ఊళ్ళో లేవూ?" అన్నది మా ఆవిడ. అంటూనే మా మరదలు కలిపిన పులిహోర డబ్బా పట్టుకొని అందరికంటె ముందు కారెక్కింది.

నీఫై అనే ఊరిదాకా దక్షిణంగా రాజమార్గం, అక్కడినుంచి పడమరకు సన్నటి రోడ్డు. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కనుచూపు మేర బూడిదరంగు పొదలు. అక్కడక్కడ నీరు పెట్టిన చోట పశువుల మేతకు వేసిన ఆల్ఫాల్ఫా పచ్చగా కనిపిస్తుంది. అంతలో దూరాన ఒక పొగగొట్టం లేచింది. ఎత్తు ఏడువందల అడుగుల పైమాటేనట. 1986, 1987 సంవత్సరాలలో మొదలైన రెండు బొగ్గు యూనిట్లకు అది ఉమ్మడి గొట్టం. అక్కడ పుట్టిన కరెంటు 785 కిలోమీటర్ల తీగమీద ప్రయాణం చేసి, కాలిఫోర్నియాలో లాస్ ఏంజిలిస్ వాళ్ళ ఇళ్ళలో దీపాలు వెలిగించేది.

కంచె బయట కారు ఆపి, "ఏదిరా పాతర?" అన్నాను.

"నేలకింద ఉన్నదాన్ని ఎలా చూపించను? వేల అడుగుల లోతున ఉప్పు కొండ ఉంది. అందులో తొలిచారు" అన్నాడు.

తొలిచింది గునపాలతో కాదు, మంచినీళ్ళతో. సన్నటి బావి దింపి నీళ్ళు పంపితే ఉప్పు కరుగుతుంది. ఆ ఉప్పునీటిని పైకి తోడేస్తే లోపల గది మిగులుతుంది. ఇటువంటివి రెండు. ఒక్కొక్కటి దాదాపు ఏడు లక్షల ఘనపు మీటర్లు. అంటే వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు, డెబ్బై మీటర్ల ఎత్తుగల హాలు ఊహించుకోండి.

అందులో దాచేది హైడ్రోజన్. మన పాత పాఠ్యపుస్తకాలలోని ఉదజని. వసంతకాలంలో ఎండ దండిగా కాస్తుంది, జనానికి చలిమరల అవసరం ఇంకా రాదు. ఆ రోజుల్లో సౌరవిద్యుత్తు మిగిలిపోతుంది. ఆ మిగులు కరెంటుతో నీటిని విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. ఉప్పు గదిలో దాచి, మండు వేసవిలో బయటికి తీసి టర్బైన్లలో కాలిస్తే మళ్ళీ కరెంటు. బ్యాటరీ ఈ పూటది రాత్రికి దాస్తుంది. ఈ ఋతువుది వచ్చే ఋతువుకు దాచడం దానివల్ల కాదు. రెండు గదులూ నిండితే 30 కోట్ల యూనిట్లకు సమానమైన శక్తి ఉంటుందట. 2024లో నేను చూసేనాటికి నిర్మాణం సాగుతున్నది.

నాకు కర్నూలు జిల్లాలో మా తాతగారి ఊరు గుర్తుకొచ్చింది. జొన్నల పాతర అడుగునా, చుట్టూ చొప్ప పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పేవారు. కరువు వచ్చిన ఏడు ఆ పాతరే మా ఇంటికి అన్నం పెట్టింది. తీసేరోజున తాతగారు ముందుగా దీపాన్ని తాడుకు కట్టి దించేవారు. దీపం ఆరిందంటే లోపల విషవాయువు ఉందన్నమాట; ఎవరినీ దిగనిచ్చేవారు కారు. పొరుగూళ్ళో ఆ ఓపిక లేక ఒక పాలేరు ప్రాణం పోయిందని చెప్పేవారు.

ఇది చెప్పగానే మా ఆవిడ, "మరి దీన్లో దీపం దించితే?" అన్నది.

"గదిలో గాలి లేదు గనక అంటుకోదు, వదినా. బయటికి కారి గాలితో కలిస్తేనే ముప్పు. దానికి వాసన ఉండదు, మంట పట్టపగలు కంటికి ఆనదు" అన్నాడు తమ్ముడు. అయితే ఉప్పుకు ఒక మంచిగుణం ఉంది. అంత లోతున, అంత బరువు కింద అది మెల్లగా ఒదిగి తన పగుళ్ళను తానే పూడ్చుకుంటుంది. ఇంగ్లండులో టీసైడ్ దగ్గర 1972 నుంచి, టెక్సాస్‌లో 1983 నుంచి, రసాయన పరిశ్రమల కోసం హైడ్రోజన్‌ను ఉప్పు గుహల్లోనే దాస్తున్నారు.

పులిహోర తింటూ లెక్కలు వేశాము. వంద యూనిట్లు పోసి దాచితే తిరిగి చేతికొచ్చేది ముప్పయ్యో నలభయ్యో. కిలో హైడ్రోజన్‌కు కనీసం తొమ్మిది లీటర్ల నీరు. ఇక్కడ రోజుకు వంద టన్నులు తీయాలని సంకల్పం. అంటే తొమ్మిది లక్షల లీటర్లు, అదీ నది ఇంకిపోయే దేశంలో! కొత్త టర్బైన్లు మొదట వంటగ్యాసు జాతి సహజవాయువులో నూటికి 30 పాళ్ళు హైడ్రోజన్ కలిపి కాలుస్తాయి, 2045 నాటికి పూర్తిగా హైడ్రోజనే అన్నారు. 30 పాళ్ళంటే ఘనంగానే ఉంది. కాని ఉదజని తేలిక సరుకు. పరిమాణంలో 30 పాళ్ళయినా శక్తిలో 11 పాళ్ళే. తక్కిన 89 పాళ్ళూ పాత ఇంధనానివే.

"అయితే వృథా అంటావా?" అన్నాడు తమ్ముడు.

అనను. పాతరలో పోసిన జొన్నల్లోనూ అడుగువి బూజుపట్టేవి. అయినా తాతగారు పాతర మానలేదు. పోయేది ఎంతో ముందే లెక్క కట్టుకొని పోసేవారు.

మేము తిరిగి వచ్చిన కొన్ని నెలలకే, 2025 జనవరి 8న, అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. తయారు చేసుకుంటాము సరే, దాచుకునేది ఎక్కడ? మన తీరాన ఉప్పుమళ్ళున్నాయి గాని ఇటువంటి ఉప్పు కొండలు లేవు. విశాఖ రాతిగుహల్లో 2007 నుంచి వంటగ్యాసు దాస్తున్నాము, ముడిచమురూ దాస్తున్నాము. కాని హైడ్రోజన్ అణువు అన్నిటికంటె చిన్నది, సందు దొరికితే జారుకుంటుంది. స్వీడన్‌లో లూలియో దగ్గర రాతిగుహకు లోపల ఉక్కు తొడుగు వేసి, 2022లో వంద ఘనపు మీటర్ల చిన్న గదితో పరీక్ష మొదలుపెట్టారు. మన రాతికీ అటువంటి తొడుగే కావాలి కాబోలు. దానికి ఖర్చెంత, నీళ్ళెక్కడివి, పక్క ఊళ్ళకు భద్రత ఏమిటి అన్నది గింజ పోయకముందే అడగవలసిన మాట.

సాయంత్రం తిరిగి వస్తుంటే ఎండ వాలి, పొగగొట్టం నీడ ఎడారిమీద చాలాదూరం సాగింది. మా ఆవిడ వెనక్కి చూసి, "ఇంతకీ పాతర కనబడనేలేదు" అన్నది.

కనబడితే అది పాతర ఎలా అవుతుంది? కాని ఒకటి మాత్రం ఖాయం. అందులో ఏం పోస్తున్నారో తెలుసుకొని, దిగేముందు దీపం దించి చూసేవాడు ఇంటికి ఒకడు ఉండాలి. మా ఇంట్లో తాతగారు ఉండేవారు.