జజ్ర్ అన్నా, మూలం అన్నా వేరే

హిసాబ్ ముష్కిల్ అని పిల్లలు అంటారు. చాలాసార్లు ముష్కిల్ హిసాబ్‌లో ఉండదు, లఫ్జ్‌లో ఉంటుంది.

మా భాంజీ ఏడు దాకా ఉర్దూ మీడియం. ఊళ్లో ఆ పైన ఉర్దూ స్కూలు లేక ఎనిమిదిలో తెలుగు మీడియంలో చేరింది. రెండు నెలలకే ‘ఖాలా, లెక్కలు నా వల్ల కాదు, చదువు మానేస్తా’ అంది. ఇంట్లో పెద్దలు కూడా ‘పోనీ, కుట్టుమిషన్ నేర్చుకోనీ’ అనడం మొదలుపెట్టారు. నాకు ఫికర్ పట్టుకుంది.

నోట్‌బుక్ తీసి చూస్తే 16కి వర్గమూలం 8 అని ఉంది. సగం చేస్తోందన్నమాట. పదహారు చింతపిక్కలు ఇచ్చి, ‘మురబ్బాలా పేర్చు బేటీ’ అన్నాను. నాలుగు వరుసల్లో నాలుగేసి పేర్చింది.

‘ఒక్కో వైపు ఎన్ని?’

‘నాలుగు.’

‘అదే వర్గమూలం. 8 అయితే ఎన్ని పిక్కలు కావాలి?’

కాసేపు లెక్కేసి, ‘అరవై నాలుగు!’ అని నవ్వేసింది. ‘అరె, ఇది జజ్రుల్ మురబ్బా కదా ఖాలా!’

అవును, అదే. అరబీలో జజ్ర్ అంటే వేరు. సంస్కృతంలో మూలం అన్నా వేరే. 499లో ఆర్యభటుడు ‘ఆర్యభటీయం’లో వర్గమూలం తీసే పద్ధతి చెప్పాడు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ తన అల్‌జబ్ర్ కితాబులో జజ్ర్ అనే మాటే వాడాడు. జబాన్లు రెండు, మానీ ఒకటే.

ఇంకో ఆసాన్ తరీఖా కూడా చూపించాను. 25 పిక్కల్లోంచి వరసగా 1, 3, 5, 7, 9 తీసేస్తే సున్నా మిగులుతుంది. ఐదుసార్లు తీశాం, జవాబు 5. మురబ్బా అంచు నుంచి ఒక్కో పొర ఒలిచినట్టే, కాకపోతే చిన్న పొరతో మొదలుపెట్టాం.

‘మరి 2కి?’ అని తనే అడిగింది. 1.4ని 1.4తో గుణిస్తే 1.96, తక్కువ. 1.5ని 1.5తో అయితే 2.25, ఎక్కువ. మధ్యలో ఎక్కడో ఉంది. 1.41 వేస్తే 1.9881. ఎన్ని అంకెలు వేసినా దగ్గరికి పోతామే గానీ పూర్తిగా అందదు. ఆ రాత్రి భోజనానికి పిలిచినా లేవలేదు.

మీ పిల్లలు మీడియం మారి ఉంటే, మొద్దు అనే ముందు ఒక్కటి చేయండి: ఆ లఫ్జ్‌ని ఇంటి జబాన్‌లో చెప్పి చూడండి. తాలీం ఆగిపోవడానికి ఒక్క మాట తెలియకపోవడం వజహ్ కాకూడదు.