పెన్సిలు మీ చేతిలోనే

ఆ కుర్రాడికి మహా అయితే 20 ఏళ్ళుంటాయి. ఎదురుగా కూర్చున్నావిడకి 40 దాటాయి. మధ్యలో బల్ల మీద అకౌంటింగ్ పుస్తకం, గళ్ళ కాగితం, పెన్సిలు. రెండు వైపుల మొత్తాలూ కలవడం లేదు, 90 డాలర్లు తేడా వస్తోంది. మూడుసార్లు కూడింది. మూడుసార్లూ అదే తేడా. “కాస్త మీరే చేసి చూపించండి” అని పెన్సిలు అతని వైపు జరిపింది. అతను నవ్వి దాన్ని మళ్ళీ ఆవిడ దగ్గరికే తోశాడు. “పెన్సిలు మీ చేతిలోనే ఉండాలండీ. నేను అడుగుతూ ఉంటాను, మీరు రాస్తూ ఉండండి” అన్నాడు. తర్వాత అతను అడిగింది ఒకటే ప్రశ్న: “ఈ 90 తొమ్మిదో ఎక్కంలో ఉందా?”

ఆ మాటతో ఆవిడకి నాన్న గుర్తొచ్చాడు. బియ్యం మిల్లులో గుమస్తా ఆయన. ఎర్రగుడ్డ అట్టలేసిన చిట్టా, ఆవర్జా ముందేసుకుని, రాత్రి భోజనాలయ్యాక లాంతరు వెలుగులో జమాఖర్చులు సరిచూసేవాడు. తేడా తొమ్మిదో ఎక్కంలో పడిందంటే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయన్నమాటే అని చెప్పేవాడు. ఆవిడ కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చింది. 540 వేయాల్సిన చోట 450 వేసింది. నాన్న చెప్పిన కిటుకు సముద్రాలు దాటి, అమెరికాలో ఒక కాలేజీ గదిలో, ముక్కూ మొహం తెలియని కుర్రాడి నోట మళ్ళీ వినబడింది.

ఆవిడది గన్నవరం పక్కన, ఏలూరు కాలువ ఒడ్డున ఒక పల్లె. ఈ శీర్షిక రాస్తున్నది ఆవిడే. విమానాశ్రయం పేరు చెబితే తప్ప ఇప్పుడు ఆ ఊరి గుర్తు ఎవరికీ తెలియడం లేదు. ఆవిడ చిన్నప్పుడు మాత్రం గన్నవరమంటే బస్టాండు, సెంటర్లో మిరపకాయ బజ్జీల బండి, బెజవాడ వెళ్ళే బస్సులో ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసిన జనం. బస్ పాసు పెట్టుకుని రోజూ 20 కిలోమీటర్లు పోయి బెజవాడలో బీకాం చదివింది. పెళ్ళయింది. భర్త ఉద్యోగంతో పాటు, హెచ్4 వీసా మీద కాలిఫోర్నియా చేరింది.

ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదని అందరూ చెప్పారు. చదువుకోవచ్చని ఒక్కరూ చెప్పలేదు. భర్తల గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన హెచ్4 భార్యలకి 2015 మే 26 నుంచి పనిచేసుకునే అనుమతి వచ్చింది. చదువుకి మాత్రం అంతకుముందూ ఏ అడ్డూ లేదు. అది తెలియక ఆవిడ గడిపేసిన ఏళ్ళు ఆరు. వంట, పిల్లాడి బడి, శనివారం గుడి, ఆదివారం ఎవరో ఒకరింట్లో భోజనాలు. అవన్నీ మంచివే. కానీ సాయంత్రం బాల్కనీలో నిలబడితే, తాను చదివిన చదువు ఎవరో అద్దెకిచ్చి తిరిగి తీసేసుకున్నట్టనిపించేది.

ఒకరోజు 23 నంబరు బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళింది. గన్నవరం బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే దిగాలనిపించని అలవాటు ఆవిడకి పోలేదు. ఆ చివరి స్టాపు కుపర్టినోలోని డి ఆన్జా కాలేజీ.

కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళలో చాలామందికి చిన్నచూపు. “అక్కడ ఎవరైనా చేరొచ్చటగా” అంటారు. ఎవరైనా చేరగలగడమే దాని గొప్పతనం. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఆరుగురు విద్యార్థులతో మొదలైందీ పద్ధతి. కాలిఫోర్నియాలో 1910లో ఫ్రెస్నోలో తొలి అడుగు పడింది. ఇప్పుడు ఈ ఒక్క రాష్ట్రంలోనే 116 కాలేజీలు, దాదాపు 20 లక్షల మంది విద్యార్థులు. 18 ఏళ్ళు నిండితే చాలు, ప్రవేశ పరీక్ష లేదు. రాష్ట్రంలో ఏడాది పైన ఒక రోజు స్థిరంగా ఉన్నవాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు ఫీజు. మూడు నెలల క్వార్టర్ల పద్ధతి కాబట్టి డి ఆన్జాలో అది 31 డాలర్లు. హెచ్4 వాళ్ళు కూడా ఆ స్థానిక ఫీజుకి అర్హులే. ఆవిడ తీసుకున్న మొదటి అకౌంటింగ్ కోర్సు ఐదు యూనిట్లు, 155 డాలర్లు. రెండేళ్ళు బాగా చదివితే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో మూడో ఏడాదికి మారిపోవచ్చు. ఆరు క్యాంపస్‌లైతే ముందే హామీ ఇస్తాయి: ఫలానా కోర్సులు, ఫలానా మార్కులు తెచ్చుకుంటే సీటు ఖాయమని.

ఈ వివరాలన్నీ ఆవిడకి ఒక్క అరగంటలో చెప్పింది కౌన్సిలర్. ఆ గదిలోకి వెళ్ళే ముందు ఆవిడ చేతులు చల్లబడ్డాయి. దానికి కారణం ఉంది. డిగ్రీ రోజుల్లో స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం కోసం కాలేజీ ఆఫీసు కిటికీ ముందు నిలబడితే, లోపలి నుంచి తలెత్తకుండా “రేపు రా” అనేవారు. ఆ రేపు రెండు వారాలకి వచ్చింది. చివరికి నాన్న మిల్లు యజమానికి చెబితే, ఆయన ఎవరికో ఫోన్ చేస్తే, సాయంత్రానికల్లా సంతకమైంది. ఆఫీసులో పని కావాలంటే తెలిసినవాళ్ళుండాలని ఆవిడ నేర్చుకున్న మొదటి పాఠం అది. అందుకే కుపర్టినోలో కౌన్సిలర్ ఎదుట కూర్చుంటూ, ముందే కూడబలుక్కున్న మాట అనేసింది: “నాకిక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరు.” కౌన్సిలర్ అర్థం కానట్టు చూసి, “నేనున్నానుగా” అంది. అది దయతో అన్న మాట కాదు. కౌన్సిలర్ ఉద్యోగమే అది.

ఈ తేడా చిన్నదనిపించవచ్చు. ఇంటికెళ్ళే బస్సులో మాత్రం ఆవిడకి కళ్ళు తడిసిపోయాయి.

చదువుకునే పిల్లలకి అండగా నిలవడం మన కృష్ణా డెల్టాకి కొత్తేం కాదు. వారాలు చేసుకుని చదివిన తాతల కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోంచేసి, బందరులోనో బెజవాడలోనో పాఠాలు చదివి పైకొచ్చినవాళ్ళెందరో. అన్నం పెట్టిన ఆ తల్లుల చేతులకి దండం పెట్టాలి. అయితే వారాలబ్బాయి ఎప్పుడూ ఆ ఇంటి గుమ్మం దగ్గర కాస్త వంగే నిలబడేవాడు. కులం చూసే గుమ్మాలుండేవి. ఆడపిల్లకైతే వారాలే లేవు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

డి ఆన్జాలో విద్యార్థుల కోసం ఫుడ్ ప్యాంట్రీ ఉంది. బియ్యం, పాలు, గుడ్లు, డబ్బాల్లో బీన్స్, కొన్నిసార్లు కూరగాయలు. విద్యార్థి నంబరు చెప్పి సంచీ నింపుకుని వెళ్ళడమే. ఎందుకు ఆకలి అని ఎవరూ అడగరు. తిండి, ఇల్లు లాంటి కనీసావసరాల కోసం ప్రతి కమ్యూనిటీ కాలేజీలో ఒక కేంద్రం, దాన్ని చూసుకునే ఒక ఉద్యోగి ఉండాలని 2021లో కాలిఫోర్నియా చట్టమే చేసింది. సిలికాన్ వ్యాలీ అద్దెలకి తట్టుకోలేక కారులో పడుకుని క్లాసుకొచ్చే పిల్లలున్న చోట అది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ క్లాసులో పక్కన కూర్చునే వియత్నాం అమ్మాయి ప్రతి గురువారం సంచీతో వచ్చేది. దాన్ని దాచుకునేది కాదు, కుర్చీ పక్కనే పెట్టుకునేది. దానిలోంచి కమలాపండు తీసి సగం ఈవిడకిచ్చేది.

ఇంకా చాలా ఉన్నాయి. పేద కుటుంబాల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలకి పుస్తకాల ఖర్చు, ప్రత్యేక కౌన్సిలర్లు ఏర్పాటు చేసే ఈఓపీఎస్ పథకం 1969లో శాన్ హోసే సెనేటర్ ఆల్ఫ్రెడ్ ఆల్క్విస్ట్ తెచ్చిన చట్టంతో మొదలైంది. టర్ముకి మూడుసార్లు విద్యార్థి కౌన్సిలర్‌ని కలవాలన్నది అందులో నియమం. పిల్ల బాధపడ్డాక పలకరించడం కాదు, బాధ లేనప్పుడూ పలకరించడం. చూపు, వినికిడి, రాతలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి పరీక్షలో అదనపు సమయం ఇచ్చే విభాగం వేరుగా ఉంది.

క్యాంపస్ అంటే ఈ కౌంటర్లే కాదు. ఏళ్ళ తరబడి ప్రతి నెలా మొదటి శనివారం పార్కింగ్ స్థలంలో పాత వస్తువుల సంత జరిగేది. దాన్ని నడిపింది విద్యార్థి సంఘమే, వచ్చిన డబ్బు విద్యార్థుల కార్యక్రమాలకే. ఆవిడ అక్కడ ఒక ఇత్తడి చెంబు కొన్నది, అది ఏ దేశం నుంచి వచ్చిందో తెలియదు కానీ అమ్మమ్మ ఇంట్లో చెంబు లాగే ఉంది. ఆపిల్ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ ఈ కాలేజీలోనే చదివాడు. 1984 జనవరి 24న స్టీవ్ జాబ్స్ మొదటి మ్యాకింటాష్ కంప్యూటర్‌ని లోకానికి చూపించింది ఈ ఆవరణలోని ఫ్లింట్ సెంటర్ వేదిక మీదే. ఆ భవనం ఇప్పుడు లేదు. ఆవిడకి వీటికన్నా ఎక్కువ గుర్తుండిపోయింది క్లాసులో వరసలు. ముందు వరసలో రిటైరైన ఫైర్‌మన్, ఆయన వెనక రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నర్సు, చివర్లో హైస్కూలు చదువుతూనే ఇక్కడ కోర్సు తీసుకున్న పిల్లాడు. ఆ వరసల్లో తన వయసు ఎవరికీ ఎత్తి చూపాల్సిన సంగతి కాలేదు. అమ్మ మాత్రం ఫోన్లో “ఇప్పుడు పరీక్షలేంటే, పిల్లాడి చదువు చూసుకోక” అంది. తర్వాత ఫోన్ చేసినప్పుడు అమ్మే అడిగింది, “మార్కులెన్నొచ్చాయే?”

ఆగిపోయిన చదువుకి మళ్ళీ తలుపు తెరవడం మనకీ తెలుసు. 1982లో జి. రామ్‌రెడ్డి గారు హైదరాబాద్‌లో నిలబెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. ఇంటర్ పాసవని వాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి అందులో డిగ్రీ చదివారు. ఇవాళ అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. ఆదివారం క్లాసులకి టిఫిన్ డబ్బాలు పట్టుకొచ్చిన గుమస్తాలు, టీచర్లు, గృహిణులు ఎంతోమంది దానివల్ల నిలదొక్కుకున్నారు. దేశంలో కమ్యూనిటీ కాలేజీ అన్న పేరుతో మొదటిది 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం తెరిచింది. తలుపులు తెరిచాం. తెరిచిన తలుపు లోపల పిల్లతో మాట్లాడే మనిషిని కూర్చోబెట్టడం దగ్గరే మనం ఆలస్యం చేశాం.

ఆ ఆలస్యం ఖరీదు గన్నవరం నుంచి బెజవాడ దాకా హైవే పక్కన కనిపిస్తుంది. బహుళ అంతస్తుల హాస్టళ్ళు, కిటికీలకి ఇనప చువ్వలు, తాడు మీద ఆరేసిన యూనిఫారాలు. ఉదయం 5 గంటలకి లేచి రాత్రి 11 దాకా చదివే పిల్లలు. మార్కుల్ని బట్టి సెక్షన్లు, సెక్షన్‌ని బట్టి మర్యాద. విశాఖపట్నం హాస్టల్లో నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు పైబడి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సిలర్‌ని ఒకరినైనా నియమించాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. టెలీ మానస్ లాంటి సహాయ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో కనబడేలా పెట్టాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఎవరైనా, ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ తీర్పు వచ్చిన వారం ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. ఎందుకంటే అక్కకూతురు అలాంటి హాస్టల్లోనే ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది.

ఇప్పుడు ఆవిడ అదే ట్యూటరింగ్ గదిలో బల్లకి ఇవతలి వైపు కూర్చుంటోంది. అకౌంటింగ్ పూర్తి చేశాక గంటల లెక్కన ఆ పని ఇచ్చారు. గది తలుపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బార్లా తెరిచే ఉంటుంది, వరండాలో పోయేవాళ్ళందరికీ లోపలున్నవాళ్ళు కనిపిస్తారు. ఎవరూ మొహం తిప్పుకోరు. తెలివైనవాళ్ళూ వస్తారు, తప్పినవాళ్ళూ వస్తారు, ఎవరెవరో బయటినుంచి చూస్తే తెలియదు. ఎవరైనా లెక్క చేసిపెట్టమని పెన్సిలు ఇటు జరిపితే, ఆవిడ దాన్ని మెల్లిగా అటు జరుపుతుంది.

మొన్న ఆదివారం వీడియో కాల్లో అక్కకూతురు చెప్పింది, వాళ్ళ కాలేజీలో కూడా కౌన్సిలర్ గది పెట్టారని. వారానికి రెండు రోజులు ఒక మేడమ్ వస్తుందట, మంచిదే అట.

“వెళ్ళావా మరి?”

“లేదు పిన్నీ. ఎవరైనా చూస్తారని.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, “ఆ గది ఎక్కడుందే?”

“ప్రిన్సిపాల్ సార్ గది ఎదురుగా.”

సోమవారం రాత్రి ఆవిడ ఆ కాలేజీకి ఉత్తరం రాయడానికి కూర్చుంది. తెలుగులో, పొల్లుమాటలు లేకుండా, ఒకే ఒక్క విన్నపం: ఆ గదిని లైబ్రరీ పక్కకి, పిల్లలు రోజూ నడిచే దారిలోకి మార్చగలరా అని. రాసి, చదివి, ఒక మాట కొట్టేసి, మళ్ళీ రాసింది. పక్కన ఇత్తడి చెంబులో నీళ్ళు, చేతిలో పెన్సిలు.