పదిన్నర అంగుళాలు

నా ఎత్తు చెప్పుల్లేకుండా నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చిన్నప్పుడు తెనాలిలో నాన్న సైకిల్ సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కేదాన్ని. సైకిల్ మనకి సరిపోకపోతే మనమే సైకిల్‌కి సరిపోవాలి, అంతే అనుకునేవాళ్లం. ఇక్కడికొచ్చాక ఇరవై రెండేళ్లుగా కార్లు కూడా అలాగే నడిపాను. సీటు పూర్తిగా ముందుకి లాగి, స్టీరింగ్‌ని కావలించుకున్నట్టు కూర్చుని.

కొలంబస్‌లో మా గరాజ్‌లో ఒక ఎర్ర కారు ఉంది. 1990 మాజ్దా మియాటా. రెండే సీట్లు, పైకప్పు చేత్తో వెనక్కి మడిచేయొచ్చు. మావారు పన్నెండేళ్ల క్రితం రిటైరైన ఒక పెద్దాయన దగ్గర కొన్నారు. అప్పట్నుంచీ అది మా ఇంట్లో రెండో సంతానం. మా వాడైతే అదే మొదటి సంతానం అంటాడు. ఆ మోడల్‌ని 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారని, అప్పుడు ధర 13,800 డాలర్లని, “గుర్రమూ రౌతూ ఒక్కటే” అనే జపాను మాట పట్టుకుని దాన్ని తయారుచేశారని, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ టీ చల్లారేదాకా చెబుతారాయన.

రెండేళ్ల క్రితం ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. ఆ కారుకి క్లచ్ ఉంది, ఎడమకాలితో తొక్కాలి. ఒకరోజు సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకోలేక కారు ఆగిపోయింది, వెనకనుంచి హారన్లు. ఆ సాయంత్రం కారు మీద గుడ్డ కప్పేశారు. ఆపరేషన్ చేయించుకోండి అంటే “చూద్దాం” అన్నారు. ఆ “చూద్దాం” ఎంత దూరం వెళుతుందో మన ఇళ్లల్లో అందరికీ తెలిసిందే.

అమ్మేస్తానంటే నేనే వద్దన్నాను. “నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి” అన్నాను. గేర్ల బండి నాకు కొత్త కాదు, విజయవాడలో నర్సింగ్ చదివేటప్పుడు మా మామయ్య అంబాసిడర్ మీద నేర్చుకున్నాను. కానీ ఇందులో కూర్చుంటే తెలిసింది అసలు సంగతి. క్లచ్ కింది దాకా తొక్కాలంటే సీటు ముందుకి రావాలి. సీటు ముందుకొస్తే ఛాతీ స్టీరింగ్‌కి ఆనుకుంటుంది. పైగా ఈ స్టీరింగ్ కిందికీ పైకీ జరగదు, ఎక్కడుందో అక్కడే. మా కారుకి పవర్ స్టీరింగ్ కూడా లేదు. టన్నులోపు బరువే అయినా, ఆగి ఉన్న కారులో చక్రం తిప్పాలంటే రోట్లో పప్పు రుబ్బినంత పని.

నా పుట్టినరోజుకి ఒక పెద్ద డబ్బా వచ్చింది. విప్పితే చెక్కతో చేసిన నార్డీ స్టీరింగ్, ఇటలీది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. “నీ చిన్న చేతులకి చిన్న చక్రం” అన్నారు ఆయన, చిన్నపిల్లాడిలా మురిసిపోతూ.

నేను ఎమర్జెన్సీలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ చక్రం చూడగానే నా కళ్లు మధ్యభాగం మీదకే వెళ్లాయి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ లేదు. పాత చక్రం వికారంగా, లావుగా ఉందంటే కారణం దాని కడుపులో ఎయిర్‌బ్యాగ్ ఉండటమే. పైగా చక్రం చిన్నదైతే తిప్పడం తేలిక కాదు, ఇంకా బరువవుతుంది. బావి గిలక మీద పిడి పొట్టిదైతే ఏమవుతుందో అదే. బహుమతి ఇచ్చినాయన మొహం చూసి ఈ రెండూ చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మెకానిక్ దగ్గరికి వెళ్లాం. షాపువాళ్లు సేఫ్టీ కోసం పెట్టిన దాన్ని పనిచేయకుండా చేస్తే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, నేను ముట్టుకోను అన్నాడతను. కారు సొంతదారుకి ఆ నిబంధన వర్తించదని కూడా మాటల్లో అనేశాడు. ఇంకేం, “అయితే నేనే విప్పుతా, వీడియో చూసి” అని మావారు. అందులో ఉండేది మందుగుండు లాంటిది, టపాకాయ పక్కన కూర్చుని విప్పుతారా అని అరిచాను. ఆ వారం ఇంట్లో పప్పుచారు తప్ప ఇంకేమీ వండలేదు.

కానీ నిజం చెప్పాలంటే ఎయిర్‌బ్యాగ్ ఉన్నంత మాత్రాన నాకు రక్షణ దొరకలేదు. 1990ల్లో దాని దెబ్బకే పొట్టి ఆడవాళ్లు కొందరు చనిపోయారు, స్టీరింగ్‌కి మరీ దగ్గరగా కూర్చోవడం వల్ల. 1998 మోడళ్ల నుంచి దాని ఊపు తగ్గించారు. మా కారు అంతకు ముందుది. రొమ్ము ఎముక నుంచి ఎయిర్‌బ్యాగ్ మధ్యభాగానికి కనీసం పది అంగుళాల దూరం ఉండాలని ఇక్కడి నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ చెబుతుంది. ఇంట్లో బట్టలు కుట్టే టేపుతో కొలిపించుకున్నాను. ఏడు! ప్రమాద పరీక్షల్లో వాడే చిన్న ఆడబొమ్మ ఎత్తు కూడా సరిగ్గా నా అంతే, నాలుగడుగుల పదకొండు. దాని బరువు 108 పౌండ్లు. అక్కడ మాత్రం మా ఇద్దరికీ కుదరదులెండి.

అప్పుడు నా ఉద్యోగం పనికొచ్చింది. పేషెంటుకి వాకర్ ఇచ్చేటప్పుడు మేం ఏం చేస్తాం? మనిషిని నిలబెట్టి, చేతులు వేలాడేయమని, పిడి మణికట్టు మడత దగ్గరికి వచ్చేలా కాళ్లు సర్దుతాం. పట్టుకుంటే మోచెయ్యి కొద్దిగా వంగాలి. వాకర్‌కి తగ్గట్టు మనిషిని వంచం. మరి కారు దగ్గర నేనెందుకు వంగుతున్నాను?

మెకానిక్ మూడు పెడల్స్‌కీ అల్యూమినియం దిమ్మలు బిగించాడు. దాంతో సీటు వెనక్కి పోయింది. అప్పుడు డాష్‌బోర్డు మీదనుంచి రోడ్డు సరిగ్గా కనబడలేదు. కింద గట్టి దిండు వేస్తే రోడ్డు కనబడింది, కాలు మళ్లీ అందలేదు. చీర కుచ్చిళ్లు సర్దినట్టే, ఒకటి లాగితే ఇంకోటి జారుతుంది. దిండు మార్చి, పలచటిది వేసి, నడుం నిటారుగా ఉండేలా సీటు వీపు లేపాం. స్టీరింగ్ కాలమ్ పట్టుకునే బోల్టుల దగ్గర వాషర్లు వేసి చక్రాన్ని కొద్దిగా కిందికి దించాడు. ఎయిర్‌బ్యాగ్ మొహం వైపు కాకుండా ఛాతీ వైపు చూడాలి, అదే మంచిది. చేతులు గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట పెట్టుకున్నాను. పది, రెండు అని పాతకాలంలో నేర్పినట్టు పెడితే బ్యాగ్ పేలినప్పుడు ముంజేతులు విరిగి, కాలి వస్తాయి. అలాంటి చేతులకి కట్లు కట్టినదాన్ని. బరువు సంగతి అంటారా, కారు కాస్త కదిలాక చక్రం తిప్పితే చాలు, నేర్చుకున్నాను.

ఇంతసేపూ మావారు ఒక మూల నిలబడి చూస్తున్నారు. ఒక్క మాటా లేదు. చివర్లో మెకానిక్‌ని మెల్లగా అడిగారు, “ఈ దిమ్మలు మళ్లీ తీసేయొచ్చా?”

“రెండు బోల్టులు సార్, పది నిమిషాలు” అన్నాడతను.

నాకప్పుడు అర్థమైంది, ఆ నార్డీ చక్రం ఎందుకు కొన్నారో. చక్రం మారిస్తే కారు ఇద్దరిదీ అవుతుంది. పెడల్స్ మారిస్తే తను నడపలేని కారవుతుంది. ఇంటికొచ్చాక ఆయనే మోకాలి డాక్టర్ నంబర్ వెతికారు. అపాయింట్‌మెంట్ వచ్చే నెల.

మొన్న అక్టోబరులో హాకింగ్ హిల్స్ దగ్గర 374 రోడ్డు మీద వెళ్లాం. ఆకులన్నీ ఎర్రబడ్డాయి, పైకప్పు తీసేశాం. ప్రతి మలుపులోనూ ఆయన కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది, అక్కడ బ్రేక్ ఉన్నట్టు. నేను చూడనట్టే ఉన్నాను. చెక్క స్టీరింగ్ గరాజ్ గోడకి తగిలించాం.

ఇప్పుడు బయల్దేరే ముందు ఒక పద్ధతి అయింది మాకు. నేను బెల్టు పెట్టుకున్నాక ఆయన జేబులోంచి టేపు తీసి కొలుస్తారు. “పదిన్నర. పోనీ” అంటారు.