కొలతలకూ ట్రయల్‌కూ మధ్య ఢిల్లీ

ఢిల్లీకి నవంబరు వస్తూ వస్తూ రెండింటిని వెంటబెట్టుకొస్తుంది: పొగమంచు, పెళ్లిళ్లు. మొదటిదానికి జనం ముక్కుకు మాస్కు కడతారు. రెండోదానికి పర్సు విప్పుతారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో విమానం దిగే కాబోయే దంపతుల చేతిలో ఇప్పుడు ఎర్రకోట, కుతుబ్ మినార్‌లతో పాటు ఇంకో జాబితా కూడా కనిపిస్తోంది. అతనికి షేర్వాణీ, బంద్‌గలా. ఆమెకు లెహంగా. తెలుగు పెళ్లిలో తాళి కట్టే వేళ పంచెకూ పట్టుచీరకూ వచ్చిన ఢోకా ఏమీ లేదు. కానీ సంగీత్, మెహందీ, రిసెప్షన్ అంటూ మూడు సాయంత్రాలు ఉత్తరాది నుంచి దిగుమతయ్యాక, వాటికి కావలసిన బట్టలూ అక్కడి నుంచే రావాల్సి వస్తోంది.

రెడీమేడ్ కొనుక్కుంటే గంటలో పని అయిపోతుంది. కుట్టించుకోవాలంటే మాత్రం ఢిల్లీలో షరతు ఒకటుంది. ఒకే గల్లీకి కనీసం మూడుసార్లు వెళ్లాలి. ఒకసారి కొలతలకు, ఒకసారి ట్రయల్‌కు, ఇంకోసారి తెచ్చుకోవడానికి. పర్యాటకులు ఒకసారి చూసిన చోటికి మళ్లీ వెళ్లరు. దర్జీ వాళ్లను వెళ్లేలా చేస్తాడు. ఊరు కాస్తో కూస్తో అర్థమయ్యేది ఆ రెండోసారికే.

చాలామందికి మొదటి మజిలీ చాందినీ చౌక్. ఇక్కడ తేదీలు చూసుకోకపోతే దెబ్బతింటారు. ఎర్రకోటకు సోమవారం సెలవు, చాందినీ చౌక్ దుకాణాల్లో ఎక్కువ భాగానికి ఆదివారం సెలవు. కోట చూసి, ఎదురుగా ఉన్న బజారుకు వెళ్దామనుకునే జంటకు వారంలో మిగిలేవి ఐదు రోజులే. 2025 నవంబరు 10న ఎర్రకోట మెట్రో స్టేషన్ దగ్గర కారు పేలుడు జరిగింది. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో. బజారు కొన్నాళ్లు బోసిపోయింది. పెళ్లి ముహూర్తాలు మాత్రం ఆగవు కదా.

ఎర్రకోటలోకి వెళ్లే దారే ఒక బజారు. లాహోరీ దర్వాజా దాటగానే వచ్చే ఛత్తా చౌక్ షాజహాన్ కాలంలో దర్బారు వారికి పట్టు, జరీ, నగలు అమ్మిన పైకప్పు గల వీధి. ఇవాళ అక్కడ అమ్మేది ఎక్కువగా గాజులు, సంచులు, చిన్న చిన్న తాజ్‌మహల్ బొమ్మలు. ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే రాసిపెట్టాడు. ఔరంగజేబు పాలన తొలినాళ్లలో ఢిల్లీలో ఉన్న అతను కోటలోని కార్ఖానాలను వర్ణించాడు. ఒక హాలులో ఎంబ్రాయిడరీ పనివాళ్లు, వాళ్ల మీద ఒక మాస్టర్. ఇంకో హాలులో కంసాలులు, మరోచోట దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్లు. పొద్దున వచ్చి రోజంతా పనిచేసి సాయంత్రం ఇళ్లకు పోతారనీ, ఎంబ్రాయిడరీ పనివాడు తన కొడుక్కి అదే పని నేర్పుతాడనీ అతను గమనించాడు. మూడున్నర శతాబ్దాలు గడిచాయి. రాజు లేడు, కోట జాతీయ స్మారకమైంది. హాలు, పనివాళ్లు, వాళ్ల మీద మాస్టర్ అనే ఏర్పాటు మాత్రం గోడ దాటి బజారులోకి వచ్చి అలాగే ఉంది. ఢిల్లీలో ఇప్పటికీ కత్తెర పట్టేవాణ్ని 'మాస్టర్‌జీ' అనే పిలుస్తారు. కుట్టేవాడు 'కారీగర్'. కస్టమర్‌కు కనిపించేది మొదటివాడే.

చాందినీ చౌక్‌ను రూపొందించింది షాజహాన్ కూతురు జహనారా. మధ్యలో కాలువ, ఒకచోట కొలను ఉండేవి. కాలువ పోయింది, కొలనూ పోయింది. 2021 సెప్టెంబరులో కొత్త రూపంతో ప్రారంభించినప్పుడు ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఉన్న 1.3 కిలోమీటర్ల వీధికి ఎర్రరాతి కాలిబాటలు వేశారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు వాహనాలు రాకూడదన్నారు. నిబంధన ఎంత గట్టిగా అమలవుతోందన్నది వేరే సంగతి. నడవడానికి మాత్రం మునుపటికంటే వీలుగా ఉంది.

అసలు వ్యాపారం పెద్ద వీధిలో లేదు, పక్కనున్న కటరాల్లో, గల్లీల్లో ఉంది. కటరా అంటే ఒకే వస్తువు అమ్మే దుకాణాలన్నీ ఒక ముంగిలి చుట్టూ చేరిన చోటు. కటరా నీల్‌లో తానుల కొద్దీ గుడ్డ. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకైన కినారీ బజారులో అంచులు, గోటా, జరీ లేసులు, పెళ్లికొడుకు తలపాగాలు. నయీ సడక్‌లో ఒకవైపు చీరలు, మరోవైపు పోటీ పరీక్షల పుస్తకాలు. పెళ్లికొడుకు జోళ్ల కోసం బల్లీమారాన్‌కు వెళ్తే అదే గల్లీ మలుపులో కవి గాలిబ్ చివరి రోజులు గడిపిన హవేలీ ఉంది. చెప్పుల పెట్టెలు మోసుకుంటూ గాలిబ్ ఇంట్లోకి తొంగిచూసే జంటలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంత దగ్గరగా రెండూ దొరికే ఊరు ఇంకొకటి లేదు.

లెహంగా దుకాణంలో కథ ఇంకో రకంగా నడుస్తుంది. పరిచిన తెల్లటి పరుపు మీద అమ్మాయి కూర్చోగానే పాతిక లెహంగాలు గాల్లోకి ఎగిరి వచ్చి పడతాయి. అమ్మాయి ఫోన్ తీసి ఎవరో సినీతార పెళ్లిలో వేసుకున్న ఫొటో చూపిస్తుంది. అచ్చం అలాంటిదే చేసిస్తామన్న హామీ నిమిషంలో వస్తుంది. డిజైనర్ దగ్గర లక్షల్లో ఉండేది ఇక్కడ వేలల్లోకి దిగుతుంది. ఇలాంటి నకలు గురించి మొహమాటపడేవాళ్లు బజారులో ఎవరూ ఉండరు. కొనేవాళ్లూ అంతే. అయితే ఫొటోలో కనిపించనిది ఒకటుంది: బరువు. చేతిపని నిండిన లెహంగా కొన్ని కిలోలు తూగుతుంది. దాన్ని నడుముకు కట్టుకుని నాలుగు గంటలు నిలబడాల్సింది పెళ్లికూతురే. అందుకే తెలివైన అమ్మాయిలు దుకాణంలో అద్దం ముందు ఫొటో దిగడం కాకుండా, అది కట్టుకుని మెట్లు ఎక్కి దిగి చూస్తారు. బేరం కూడా అప్పుడే బాగా కుదురుతుంది.

ఆ చేతిపనిని ఢిల్లీలో జర్దోజీ అంటారు, ఆరీ అంటారు. తెలుగువాళ్లకు తెలిసిన పేరు మగ్గం వర్క్. పేరు వేరైనా చట్రం ఒకటే. నాలుగు కర్రల మధ్య గుడ్డను బిగించి, నేల మీద కూర్చుని వంగి, సూదితో తీగనూ పూసలనూ ఎక్కిస్తారు. చేతులు కూడా చాలావరకు ఒకటే. ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వైపు నుంచి, బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన వాళ్లే ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ ఆ చట్రాల ముందు కనిపిస్తారు. తన జాకెట్టుకు అమీర్‌పేటలో పని చేయించుకున్న అమ్మాయి, లెహంగా కోసం 1,500 కిలోమీటర్లు వచ్చి, బహుశా అదే జిల్లా వాడి చేత కుట్టించుకుంటోంది. దూరం ఊరికే పోలేదు. ఇక్కడ ఎంపిక ఎక్కువ, గుడ్డ చవక. పని మాత్రం ఢిల్లీ సొంతం కాదు.

ఆ పనివాళ్లను చూడాలంటే దక్షిణ ఢిల్లీలోని షాపూర్ జాట్‌కు వెళ్లాలి. 1303 ప్రాంతంలో అల్లావుద్దీన్ ఖిల్జీ కట్టిన సిరి కోట శిథిలాల మధ్య వెలసిన జాట్ల ఊరు ఇది. చుట్టూ నగరం పెరిగినా ఊరు ఊరిగానే మిగిలింది. రెవెన్యూ పటాల్లో ఇలాంటి గ్రామాల నివాస ప్రాంతాన్ని 'లాల్ డోరా' అంటారు, అంటే ఎర్రదారం. ఆ దారం లోపల నగరపు భవన నిర్మాణ నిబంధనలు చాలాకాలం వర్తించలేదు. ఫలితంగా అద్దె తక్కువగా ఉన్న చోట, పనివాళ్లు ఉన్న చోట, డిజైనర్లు బొటీక్‌లు తెరిచారు. దీనికి ముందే, 1980ల చివర్లో, బీనా రమణీ హౌజ్ ఖాస్ గ్రామంలో బొటీక్ పెట్టి ఢిల్లీ ఫ్యాషన్‌కు పాత ఊళ్ల దారి చూపారు. ఫిరోజ్ షా తుగ్లక్ మదరసా శిథిలాలకు ఎదురుగా పట్టు గుడ్డలు వేలాడదీయాలన్న ఊహ అప్పట్లో వింతే. షాపూర్ జాట్ ఆ బాటే పట్టింది. కింద గాజు తలుపులు, ఏసీ, కాఫీ. పైన ట్యూబ్‌లైట్ కింద చట్రం చుట్టూ వంగిన ఆరుగురు. కింద ధర చెప్పేటప్పుడు పైనున్న వాళ్ల లెక్క రాదు. వాళ్లలో చాలామందికి కూలీ పూటల లెక్కనో, పీసు లెక్కనో ముడుతుంది. 'రెండు రోజుల్లో కావాలి' అని కస్టమర్ పట్టుబడితే ఆ రాత్రి నిద్ర పోగొట్టుకునేది మాస్టర్ కాదు. ఎంబ్రాయిడరీ ఉన్న బట్టకు నాలుగు వారాలు అడిగే దుకాణాన్ని నమ్మొచ్చు. నాలుగు రోజుల్లో ఇస్తామనే దుకాణం మెషిన్ పనిని చేతిపనిగా చూపిస్తోందేమో అడిగి తెలుసుకోవాలి. గుడ్డను తిరగేసి చూస్తే చాలు. మెషిన్ కుట్టు వెనకవైపు ఒకే తీరుగా ఉంటుంది. చేతిపనికి వెనకవైపు ముళ్లు, తెగిన దారాలు ఉంటాయి.

పెళ్లికొడుకు పని వీటన్నిటి కంటే సులువు. కన్నాట్ ప్లేస్ చుట్టూనే అయిపోతుంది. రాబర్ట్ టోర్ రస్సెల్ గీసిన ఈ తెల్ల స్తంభాల వలయం 1930ల మొదట్లో పూర్తయింది. సూట్లు కుట్టే పాత దుకాణాలు కొన్ని ఇంకా ఇక్కడ మిగిలాయి. 1932లో మొదలై 2017 మార్చిలో ఆఖరి ఆట ఆడిన రీగల్ సినిమాను దాటి బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లోకి వస్తే మోహన్ సింగ్ ప్లేస్. జీన్స్ ప్యాంటు కొలిచి కుట్టించుకోవడానికి ఢిల్లీ విద్యార్థులు తరతరాలుగా వచ్చే చోటు. ఫొటో చూపిస్తే జేబులు, రివెట్లతో సహా దింపుతారు. పైనున్న ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చునేలోగా ప్యాంటు పొడవు సరిచేసి ఇస్తారు. ఆ రోడ్డు మీదే రాష్ట్రాల ఎంపోరియాలున్నాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ వారి లేపాక్షి ఒకటి. మంగళగిరి గుడ్డ, పోచంపల్లి ఇక్కత్ ఇంటి నుంచే తెచ్చుకుని, ఢిల్లీ మాస్టర్ చేత బంద్‌గలా కుట్టించుకునే తెలుగువాళ్లూ ఉన్నారు. జరీ మెరుపులకు పెట్టే డబ్బు కంటే ఇది మేలైన బేరం. రిసెప్షన్ అయ్యాక షేర్వాణీ బీరువాలో పడి ఉంటుంది, బంద్‌గలా పదేళ్లు వేసుకోవచ్చు.

బంద్‌గలా విషయంలో తెలుగువాళ్లకు ఢిల్లీతో ఇంకో బంధం కూడా ఉంది. కరోల్ బాగ్, రాజేందర్ నగర్ గదుల్లో సివిల్స్‌కు చదివే కుర్రాళ్లు షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ ఇంటర్వ్యూకు పిలుపు రాగానే పరుగెత్తేది చుట్టుపక్కల దర్జీల దగ్గరికే. బతుకులో మొదటి కోటు అక్కడ కుట్టించుకున్నవాళ్లు చాలామంది. ఉద్యోగం వచ్చినవాళ్లు పెళ్లికి మళ్లీ అదే మాస్టర్‌ను వెతుక్కుంటూ వస్తారు.

మంచి కోటుకు ట్రయల్ తప్పదు. గుడ్డ కత్తిరించి, పొడవాటి టాకాలతో అతికించి ఒంటి మీద వేసి చూస్తారు. భుజం దగ్గర ముడత పడితే సుద్దతో గీత గీసి, టాకాలు విప్పేస్తారు. కొలతలకూ దీనికీ మధ్య కనీసం రెండు మూడు రోజులు కావాలి. ఆ ఖాళీలోనే ఢిల్లీ చూడాలి. ఒక రోజు హుమాయూన్ సమాధి, సాయంత్రం పక్కనే నిజాముద్దీన్ దర్గా. ఇంకో రోజు కుతుబ్ మినార్, మెహ్రౌలీ. కుతుబ్ పక్కనే పెద్ద డిజైనర్ల షోరూములు ఉన్నాయి. లోపలికి వెళ్లి ధర అడగడం ఉచితం. నవంబరు, డిసెంబరుల్లో మినార్ పైఅంతస్తులు పొగలో కలిసిపోయే రోజులుంటాయి, ఫిబ్రవరి అయితే ఆకాశం నీలంగా ఉంటుంది. మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. పప్పు, గోంగూర, పొడి, నెయ్యితో అడిగినంత వడ్డిస్తారు. నడుము కొలత ఇవ్వాల్సిన రోజున మాత్రం అక్కడికి వెళ్లకుండా ఉండటం మంచిది, లేదా కొలత ఇచ్చాకే వెళ్లాలి.

ఆటో డ్రైవరు దారిలో ఒక 'ప్రభుత్వ ఎంపోరియం' చూపిస్తానంటే దిగనవసరం లేదు. పేరులో ప్రభుత్వం ఉన్నంత మాత్రాన దుకాణం ప్రభుత్వానిది కాదు. అతని కమీషన్ బిల్లులోనే ఉంటుంది. బిల్లు సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 దాటిన దుస్తులపై జీఎస్టీ 18 శాతం, తానులోంచి కొన్న గుడ్డ మీద 5 శాతం. గుడ్డ ఒకచోట కొని ఇంకోచోట కుట్టించుకునే పాత అలవాటుకు ఈ తేడాతో మళ్లీ ప్రాణం వచ్చింది. బిల్లు లేకుండా తగ్గిస్తామనే మాట కూడా వినిపిస్తుంది. దానికి ఒప్పుకున్నవాళ్లు తర్వాత రంగు దిగిందనో, జరీ నల్లబడిందనో ఫిర్యాదు చేయడానికి చేతిలో కాగితం ఉండదు.

ఈ ఊళ్లో కుట్టుపనికి మరో ముఖం ఉంది, అది పర్యాటకుల దారిలో పడదు. విమానాశ్రయం నుంచి గురుగ్రామ్ వైపు వెళ్తే సరిహద్దులో కాపస్‌హేడా వస్తుంది. అవతల ఉద్యోగ్ విహార్‌లో విదేశీ బ్రాండ్ల చొక్కాలు కుట్టే ఎగుమతి ఫ్యాక్టరీలు. వాటిలో పనిచేసే వలస కూలీలు ఇవతల ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు చొప్పున ఉంటారు. అక్కడ ఒకడు రోజంతా కాలర్లే కుడతాడు, ఇంకొకడు కఫ్‌లే. తాను కుట్టిన చొక్కా ఎవరు వేసుకుంటారో అతనికి తెలియదు, వేసుకునేవాడికీ తెలియదు. చాందినీ చౌక్ మాస్టర్‌కు కనీసం పెళ్లికొడుకు ఎడమ భుజం కుడిదానికంటే అర అంగుళం కిందికి ఉందని తెలుసు.

చివరి రోజు బట్టలు చేతికొచ్చేటప్పుడు జంటలు సాధారణంగా అద్దంలో ముందువైపే చూసుకుంటాయి. లోపలి కుట్లు చూడాలి. అంచుల దగ్గర ఒకటి రెండు అంగుళాల గుడ్డ మడిచి వదిలాడా లేదా, కాజాలు గుడ్డకు సరిపోయే దారంతో కుట్టాడా, మిగిలిన గుడ్డ ముక్క, విడి గుండీలు కవర్లో పెట్టాడా అన్నది అడిగి తీసుకోవాలి. పెళ్లినాటికి నడుము ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. వరంగల్‌లోనో రాజమండ్రిలోనో ఉన్న వీధి చివరి టైలర్‌కు ఆ రెండంగుళాలే దిక్కు.