మిద్దె మీద గ్రైండర్ పెట్టుకున్న ఇళ్లవాళ్లకు

పోయిన ఆయుధపూజకు మా మిద్దె మీది షెడ్డు ఫోటోలు గ్రూపులో పెట్టినాము. అప్పటినుంచి ఒకటే ప్రశ్న వస్తా ఉంది. మా వాడు కూడా కత్తులు చేస్తానంటున్నాడు, ఏ మెషిన్ కొనాల, ఎంత అవుతుంది అని. ధరలు అంగట్లో చెబుతారు. అంగట్లో చెప్పని సంగతులు మేము రాస్తాము. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్లకు ఒక మాట. మాది హోసూరు. మా తాతల కాలంలో ఇంటి ముందరే కొలిమి. చుట్టుపక్కల పల్లెలకు కొడవళ్లు, మచ్చుకత్తులు మావే. నాయన తరంలోనే కొలిమి ఆరింది. మేమందరం సిప్కాట్ కంపెనీల్లో చేరి యూనిఫారం వేసుకున్నాము. ఇప్పుడు మా తమ్ముడి కొడుకు, ఇంజనీరింగ్ చదివినవాడు, లారీ కమాను పట్టీలు తెచ్చి వంటింటి కత్తులు చేస్తా ఉన్నాడు. బాగా చేస్తాడు. తాత ఉంటే మురిసిపోయేవాడు.

అయితే తాత పనికీ వీడి పనికీ ఒక తేడా ఉంది. కొలిమిలో ప్రమాదం కంటికి కనబడేది. ఇనుము ఎర్రగా ఉంటే ముట్టుకోరు. సమ్మెట బరువు చేతికి తెలుస్తుంది, చెయ్యి అలసిపోతే దెబ్బ ఆగిపోతుంది. గ్రైండర్‌కు అలుపు లేదు. నాలుగంగుళాల చేతి గ్రైండర్ చాలావాటి మీద నిమిషానికి 11,000 చుట్లు అని రాసుంటుంది. లెక్క కడితే ఆ బిళ్ల అంచు గంటకు 200 కిలోమీటర్లకు పైగా పోతా ఉంటుంది. చూస్తే మాత్రం ఊరికే నిలబడినట్టే ఉంటుంది.

ఆ బిళ్ల పగిలితే ముక్కలు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు. అడ్డంగా ఉండేది ఆ గార్డు ఒక్కటే. మన ఊళ్లలో కొత్త గ్రైండర్ కొనగానే మొదట చేసే పని దాన్ని ఊడదీసి మూలన పారేయడం! పెద్ద బిళ్ల పట్టదని కొందరు, పని కనబడదని కొందరు. గార్డుతో పట్టని బిళ్ల ఆ మెషిన్‌కు పనికిరాని బిళ్లే. బిళ్ల మీద రాసిన వేగం మెషిన్ వేగానికి తక్కువ ఉండకూడదు. నడిమి ఇనుప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చూడండి. కింద పడిన బిళ్లను కోడలు చూడకముందే మళ్లీ పెట్టెలో పెట్టేయకుండా చెత్తలో వేయండి. కొత్తది బిగించినాక ఒక నిమిషం పక్కకు తిప్పి పట్టుకొని ఉత్తగా తిరగనివ్వండి. కట్టె కోసే పళ్ల బిళ్లను దీనికి బిగించేవాళ్లను చూసినాము. వాళ్లకు ఏం చెప్పాలో తెలియదు.

కంపెనీలో మాకు ఇవన్నీ చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో తిరిగే భాగాలకు కంచె వేయాలని ఒక సెక్షన్, కళ్ల రక్షణకే ఇంకో సెక్షన్ ఉండేవి. అద్దాలు పెట్టుకోకుంటే సూపర్‌వైజర్ గేటు బయటికి పంపేవాడు. ఇంటి మిద్దె మీదికి ఏ ఇన్స్పెక్టరూ రాడు. అందుకని మా ఇంట్లో ఆ ఉద్యోగం మా మరదలికి ఇచ్చినాము. ఆమె తనిఖీ కంపెనీ తనిఖీ కంటే గట్టిగానే ఉంటుంది.

అన్నిటికంటే భయపడాల్సింది గ్రైండర్‌కు కాదు, మెరుగుపెట్టే గుడ్డ చక్రానికి. బఫ్ అంటారు. మెత్తగా, దూదిలాగా ఉంటుంది, పిల్లలు కూడా భయపడరు. పోయిన వేసవిలో మా వాడు పదును పెట్టేసిన కత్తిని మెరుగుకు పట్టినాడు. అంచు చక్రానికి ఎదురు తిరిగింది. కత్తి చేతిలోంచి లాక్కొని, నేలకు కొట్టుకొని, ఎగిరి వాడి తొడ పక్కనే చెక్క తలుపులో దిగింది. చెంచాడు నెత్తురు కూడా రాలేదు. కానీ ఆ రోజు రాత్రి మా తమ్ముడు అన్నం తినలేదు. పొద్దున లేచి, “అన్నా, అన్నీ అమ్మేద్దాం, కొలిమి ఆరింది ఆరినట్టే ఉండనీ” అన్నాడు. కొడుకు, “పెదనాయనా, నువ్వయినా చెప్పు” అని మా వైపు చూస్తాడు.

అమ్మేయడం వద్దని మేము అన్నాము. ఇంట్లో ఆపిస్తే స్నేహితుడి షెడ్డులో చేస్తాడు, అక్కడ చూసేవాళ్లు ఉండరు. కానీ షరతులు పెట్టినాము. పదును ఎప్పుడూ ఆఖరి పని, మొండి కత్తినే మెరుగుకు పట్టాలి. చక్రం ముందు వైపు కిందికి తిరుగుతుంది కదా, కత్తిని దాని నడిమికి కింద భాగంలోనే, అంచు కిందికి ఉండేట్టు పట్టాలి. చక్రం వీపు మీదుగా వచ్చి అంచు దాటి పోవాలి, అంచుకు ఎదురుగా రాకూడదు. తోలు ఏప్రాన్ లేకుండా ముందర నిలబడకూడదు.

డ్రిల్లు దగ్గర ఇంకో సంగతి. పిడికి మేకులు దిగేందుకు కత్తి తోకలో బెజ్జాలు వేస్తారు. చిన్న బెజ్జమే కదా అని చేత్తో పట్టుకుంటారు. బిట్టు అవతలికి తేలే క్షణంలో ఇనుమును పట్టేస్తుంది, అప్పుడు కత్తి ఫ్యాను రెక్క అయిపోతుంది. క్లాంపు వేయాల్సిందే. అక్కడ గుడ్డ గ్లవుసులు వద్దు. దారం చిక్కితే వేలు దాని వెంటే పోతుంది. మెడలో తువ్వాలు, చేతికి కాశీదారం, ఉంగరం, ఇయర్‌ఫోన్ వైరు, అన్నీ మెట్ల దగ్గరే తీసిపెట్టాలి. పూజనాడు మెషిన్లకు వేసిన పూలదండలు కూడా స్విచ్చు వేసేముందు తీయాలి. నవ్వకండి, నిజంగా చెబుతున్నాము.

బెల్టు గ్రైండర్ మీద వేళ్లకు వేడి తగిలితే మంచిదే. గట్టిపరిచిన ఉక్కు గుణం చెడకముందే వేళ్లు చెబుతాయి, బకెట్లో ముంచి మళ్లీ పట్టొచ్చు.

దుమ్మును ఎవరూ లెక్కపెట్టరు. పిడికి జిట్రేగి కట్టె వాడతాము, ఇక్కడి కన్నడంవాళ్లు బీటె అంటారు, తమిళంవాళ్లు ఈట్టి. రంగు బంగారమే, దాని పొడి మాత్రం కొందరికి దురద, ఆయాసం తెస్తుంది. ముక్కుకు చేతిరుమాలు చాలదు, ఎన్95 అయినా ఉండాలి. ఇంకోటి, కట్టెపొడి ఉన్న చోట నిప్పురవ్వలు పడితే వెంటనే మండదు. లోపల్లోపల రాజుకొని, అందరూ పడుకున్నాక లేస్తుంది. రెంటికీ చోటు వేరుగా పెట్టి, పని అయినాక ఊడ్చి, ఇంకో అరగంట అక్కడే ఉండి దిగాలి.

ఇక మన కరెంటు. పని మధ్యలో పోతుంది. లాక్ అయ్యే స్విచ్చు ఉన్న గ్రైండర్‌ను అట్లే బల్ల మీద పెట్టి కాఫీకి దిగుతారు. కరెంటు వచ్చినప్పుడు అది తనంతట తానే లేచి బల్ల దిగుతుంది. పొలంలో బోరు మోటారుకు పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ ఉంటుంది కదా, కరెంటు పోయి వచ్చినా మనం నొక్కితేగానీ తిరగదు. అట్లాంటిదే షెడ్డులో పెట్టించినాము. చేతి గ్రైండర్‌కు మాత్రం కరెంటు పోగానే ప్లగ్గు పీకడమే. మిద్దె మీద తడి ఉంటుంది కాబట్టి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు లేకుండా మొదలుపెట్టవద్దు.

మెట్ల పైన ఒక ఎర్ర బల్బు పెట్టినాము. అది వెలుగుతుంటే మనవరాలు కూడా పైకి రాదు, కిందనుంచే అరుస్తుంది. వెనకనుంచి వచ్చి భుజం తట్టడం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆదివారం పొద్దున పదినుంచి షెడ్డు తెరిచి ఉంటుంది. మీ పిల్లలను తీసుకొని రండి, చెప్పులు కాదు, బూట్లతో. మెషిన్లన్నీ చూడొచ్చు. బఫ్ ఒక్కటి మాత్రం ఇంకా గోనెపట్టా కిందే ఉంది. మా తమ్ముడు దాని తాడు విప్పనివ్వలేదు.