లెక్క చెప్పేదీ, అలసట తీర్చుకునేదీ ఒక్క చోటే



క్రిస్మస్ సెలవులకు ఊరికి వచ్చిన మన తమ్ముడొకడు సంఘ పెద్దలతో ఒక మాట చెప్పి వెళ్లాడు. "మా కంపెనీలో ఏడాదికోసారి అప్రైజల్ ఉంటుంది. ఏం చేసినాం, ఏం చేయలేదు అని కూర్చుని మాట్లాడుకుంటాం. మన సంఘంలో కూడా అట్ల చేస్తే మంచిది గదా" అని. పెద్దలకు ఆ మాట నచ్చింది. శనగ కోతలు అయిపోయినాక ఒక ఆదివారం కూర్చుందాం అన్నారు.

దాచడం ఎందుకు, మాకు మనసు చివుక్కుమంది. పిలిచినవాడు దేవుడైతే మార్కులు వేసేది మనుషులా అనుకున్నాం. ఇంట్లో అమ్మగారితో అదే అన్నాం. ఆమె చేట పక్కన పెట్టి, "దాచేది ఏమన్నా ఉంటే గదా భయం" అంది. అక్కడ దొరికిపోయాం. మూడు నెలలుగా కానుకల పుస్తకం రాయలేదు. డబ్బు ఎక్కడికీ పోలేదు, చీటీలన్నీ ఒక కవరులో ఉన్నాయి. అయినా రాయనిది రాయనిదే.

ఆ ఆదివారం ఆరాధన అయినాక మందిరంలో చాపల మీద కూర్చున్నాం. మొదటి ప్రశ్న పుస్తకం గురించే వస్తుందని కవరు ఒళ్లో పెట్టుకున్నాం. పెద్దాయన గొంతు సవరించుకుని అడిగింది వేరు. "అయ్యగారూ, ఈ ఏడాదిలో మీరు ఎన్ని దినాలు ఊరకే ఉన్నారు?"

లెక్కపెట్టాం. నాలుగు దినాలు. అందులో రెండు జ్వరంతో పడుకున్నవి.

ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక సహోదరి మెల్లగా అంది, "పోయిన ఆదివారం చెప్పిన వాక్యం ఆగస్టులో చెప్పిందే అయ్యగారూ." ఇంకొకామె అంది, "మా అత్త మంచాన పడి ఉంటే ప్రార్థనకు వచ్చినారు. ఆమె మాట్లాడతా ఉంటే మీరు ఫోను చూసుకుంటా ఉంటిరి." ఈ మాట బాగా గుచ్చుకుంది. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆ సాయంత్రం ఆమె ఏం చెప్పిందో మాకు గుర్తు లేదు. క్షమించమని అడిగాం. ఒళ్లో ఉన్న కవరు కూడా తీసి మధ్యలో పెట్టాం.

ఆ రాత్రి మార్కు సువార్త 6వ అధ్యాయం చదివాం. ఎన్నోసార్లు బోధించిన భాగమే. ప్రభువు పన్నెండుమందిని ఇద్దరిద్దరిగా పంపాడు. వాళ్లు తిరిగి వచ్చి, చేసినవీ బోధించినవీ అన్నీ ఆయనకు చెప్పుకున్నారు. అది 30వ వచనం. ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం విశ్రమించండని ఆయన పిలిచింది 31వ వచనం. అప్పుడు వాళ్లకు భోజనం చేయడానికి కూడా తీరిక లేదని అక్కడే రాసి ఉంది. ఒకటి లెక్క, ఒకటి విశ్రాంతి. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇన్నేళ్లు మేము వాటిని విడదీసి చదివాం. లెక్క అంటే భయపడ్డాం, విశ్రాంతి అంటే సిగ్గుపడ్డాం.

ఏలీయాను చూడండి. బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్నవాడిని దేవుడు వెంటనే ప్రశ్నించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు రెండుసార్లు పెట్టించాడు. హోరేబు చేరినాకే, ఇక్కడ నీకేమి పని అని అడిగాడు. ప్రశ్న తప్పలేదు, కానీ అన్నం ముందు వచ్చింది. మన పెద్దాయన ఏ సెమినరీలోనూ చదవలేదు. అయినా ఆ వరుస ఆయనకు తెలుసు.

దీన్ని మన చేలల్లోనే చూడవచ్చు. నీళ్లు పారని నల్లరేగడిలో చాలామంది ముంగారు పంట వేయరు. వానలకు చేను పదును పట్టనిచ్చి, ఆ తరువాత శనగ విత్తుతారు. ఖాళీగా ఉంది గదా అని చేనును అట్లే వదిలేస్తారా? గుంటక తోలుతారు. తోలకుంటే కలుపు లేచి ఆ పదునంతా తాగేస్తుంది. లెక్క లేని విశ్రాంతి అట్లాంటిది. ఇక విశ్రాంతి లేని లెక్క, పదును లేని నేలలో విత్తనం వేసి మొలక రాలేదని చేనును తిట్టడం. ఆగస్టు వాక్యమే మళ్లీ ఎందుకు చెప్పామో ఇప్పుడు అర్థమవుతోంది. లోపల పదును లేదు.

మన ప్రాంతంలో సువార్త పని ఎట్లా జరిగిందో కూడా గుర్తు చేసుకుందాం. ఒంగోలులో సేవ చేసిన జాన్ క్లౌ దొరగారు 1866లో అక్కడికి వచ్చారు. 1872లో సెలవు మీద అమెరికా వెళ్లి 1874లో తిరిగి వచ్చారు. ఆ సెలవులో కూడా ఆయన ఊరూరా తిరిగి మిషను పనికి డబ్బు కూడబెట్టారు. దొరలకు ఆ మాత్రం సెలవైనా ఉండేది. వాళ్లతో పాటు ఎండలో నడిచిన మన తెలుగు బోధకుల సెలవు గురించి మాత్రం ఆ కథల్లో వినపడదు.

అయితే ఆ బోధకుల గురించే ఒక మంచి సంగతి ఉంది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన నల్లమలలో పుట్టిన నీళ్లే అవి. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు. ఇద్దరు నీళ్లలో నిలబడేవారు. వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. గట్టెక్కినవాడిని సోమరి అని ఎవరంటారు? వాళ్లు గట్టెక్కారు కాబట్టే పని సాయంత్రం దాకా సాగింది.

పెద్దలు మాకు నాలుగు మాటలు చెప్పారు. సోమవారం మా ఇంటి తలుపు తట్టరు, చావు, ఆపద తప్ప. నెలలో ఒక ఆదివారం వాక్యం వేరేవాళ్లు చెబుతారు. కానుకల పుస్తకం ఇకమీద ఇద్దరు కలిసి రాస్తారు. వచ్చే ఏడాదితో ఇక్కడ మా సేవకు ఏడేళ్లు నిండుతాయి కాబట్టి ఆరు వారాలు పూర్తిగా సెలవు. మాకు కళ్లనీళ్లు వచ్చాయి.

లేచేటప్పుడు పెద్దాయన ఇంకొకటి అడిగారు. "మీ సంగతి అయింది. మరి మందిరం ఊడ్చే ఆమె సంగతి?"

పదకొండేళ్లుగా ప్రతి శనివారం మందిరం ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టే తల్లి ఆమె. ఆమెను పిలిచి, సెలవు కావాలా అమ్మా అని అడిగాం. "నాకు సెలవు ఏంటికి సామీ, ఎవరడిగినారు ఇన్నేండ్లు?" అంది. ఆ 'ఎవరడిగినారు' అన్నది మమ్మల్నే. విశ్రాంతిదినం గురించి ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో, నీ దాసుడు, నీ దాసి కూడా నీలాగే విశ్రమించాలని దేవుడు చెప్పాడు. మీరూ ఐగుప్తులో దాసులే గదా అని కారణం కూడా చెప్పాడు. ఆ రోజు మాకు పడిన అసలు మార్కు అదే అనుకుంటున్నాం. ఇప్పుడు నెలకు రెండు శనివారాలు యవ్వనస్థులు ఊడుస్తున్నారు. మొదటి శనివారం మేమూ చీపురు పట్టాం.

ప్రియులారా, మార్కు 6లో శిష్యుల విశ్రాంతి ఎక్కువసేపు నిలవలేదు. పడవ దిగేసరికే జనం వచ్చేశారు, ప్రభువు వాళ్లమీద కనికరపడ్డాడు. మా సోమవారాలు కూడా కొన్ని అట్లే పోతాయి, పోనివ్వండి. కానీ సోమవారం అంటూ ఒకటి ఉండాలి. మీ ఇళ్లలో కూడా ఈ వారం ఇద్దరిని అడగండి. మీకంటే పెద్దవారిని, నాలో ఏం సరిచేసుకోవాలి అని. మీకోసం పనిచేసేవారిని, నువ్వు ఎప్పుడు ఊరకే కూర్చున్నావు అని.

లెక్క అడిగేవాడూ, ఒడిలో పడుకోబెట్టేవాడూ అయిన మన ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.