చెరువుకట్ట మీద కార్తీకం

పిల్లలూ! ఇప్పుడు ఏ ఋతువు అని అడిగితే మీలో చాలామంది వేళ్లు మడిచి లెక్క పెట్టడం మొదలుపెడతారు. లెక్క అక్కరలేదు. ఒకసారి ఊరి బయటికి వెళ్లి చూడండి. నల్లమబ్బులు పోయి, దూదిపింజల్లాంటి తెల్లమబ్బులు తేలుతుంటాయి. వాగులో బురద నీరు తేరుకొని, అడుగున ఇసుక కనిపిస్తుంది. చెరువులు నిండి ఉంటాయి. చలిదేశాల నుంచి వచ్చిన కాటుకపిట్టలు చెరువు ఒడ్డున తోకలు ఊపుతూ పరుగులు తీస్తుంటాయి. ఇదే శరదృతువు. ఆశ్వయుజ, కార్తీక మాసాలు రెండూ దీనివే.

తెలంగాణలో ఊరంతా కలిసి గడప దాటి వెళ్లే వేడుకలు రెండు ఈ నెలల్లోనే వస్తాయి. ఒకటి బతుకమ్మ, రెండవది కార్తీక వనభోజనం. ఎందుకు ఇప్పుడే అని నేను చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగాను. "వానాకాలంలో పోతే బురద, ఎండాకాలంలో పోతే ఎండ. ఇప్పుడు గాక ఎప్పుడు పోతం, బిడ్డా?" అన్నది. అంతకన్న మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ముందు బతుకమ్మ సంగతి చూడండి. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. దానికి ముఖ్యమైన పూలు తోటలో పెంచినవి కావు. తంగేడు బీడుభూముల్లో, దారుల పక్కన దానంతట అదే మొలుస్తుంది. గునుగు చేలగట్ల మీద మొలిచే కలుపుమొక్క. పూలకోసం బయలుదేరిన పిల్లవాడికి ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో తెలిసి తీరాలి. పుస్తకం లేని వృక్షశాస్త్రం ఇది!

తంగేడు పువ్వును దగ్గరగా చూడండి. దాని పుప్పొడి తిత్తుల కొనలో సన్నని రంధ్రం ఉంటుంది. పుప్పొడి ఊరికే రాలదు. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకొని, ఒళ్లంతా అదిరేటట్టు రొద చేస్తుంది. అప్పుడు ఉప్పు డబ్బాను కుదిపినట్లు పుప్పొడి జలజలా రాలుతుంది. తంగేడు బెరడును తోళ్లు పదును చేయడానికి వాడేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా ఇదే.

ఇక వనభోజనం. కార్తీకంలో ఒక సెలవునాడు మా వాడకట్టువాళ్లం అందరం కలిసి, వంటపాత్రలతో సహా, ఉసిరిచెట్టు ఉన్న చోటికి బయలుదేరుతాము. ఆ ఉసిరిచెట్టు దగ్గరే పిల్లలకు మొదటి పాఠం. దాని ఆకు చింతాకులాగా కనిపిస్తుంది గదా! కాని చింతాకులో ఒక ఈనెకు ఉన్న చిన్న రేకులన్నీ కలిసి ఒకే ఆకు. ఉసిరిలో ఒక్కొక్క రేకూ ఒక్కొక్క ఆకే. అవి వరసగా ఉన్న సన్నని పుల్ల ఒక చిన్న కొమ్మ. ఆకు రాలే కాలంలో ఆ కొమ్మ కూడా రాలిపోతుంది. రెండవ పాఠం నాలుకకు. ఒక ఉసిరికాయ కొరికి, నమిలి, తరువాత గుక్కెడు మంచినీళ్లు తాగండి. నీళ్లు తియ్యగా ఉంటాయి!

ఒక ఏడు మేము రామప్పకు వెళ్లాము. వరంగల్‌కు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో ఉన్నది రామప్ప గుడి. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దానిని కట్టించాడు. అక్కడి శాసనం మీద ఉన్న సంవత్సరం మన లెక్కలో 1213. ఎనిమిది వందల ఏళ్లు దాటిందన్నమాట. 2021 జూలైలో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాపాడవలసిన చోటు గనుక గుడి ఆవరణలో పొయ్యి పెట్టకూడదు. మేము దూరంగా ఒక తోపులో వండుకొని, తరువాత గుడికి వెళ్లాము.

గుడి చుట్టూ అడుగున ఏనుగుల వరుస చెక్కి ఉన్నది. "ఒకే రకంగా ఉన్న రెండు ఏనుగులను వెతికి చూపించండి" అని పిల్లలకు పని చెప్పాము. అరగంటసేపు ఒక్కరూ అల్లరి చేయలేదు!

ఆ గుడి శిఖరాన్ని నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారు. ఇది మంత్రం కాదు. అంత కొలత గల నీటికన్న మామూలు ఇటుక బరువైనది, కనుక మునిగిపోతుంది. రామప్ప ఇటుక నిండా సన్నని రంధ్రాలు, వాటినిండా గాలి. అంత కొలత నీటికన్న అది తేలిక, కనుక తేలుతుంది. ఇసుక నింపిన పునాది మీద నిలిచిన గుడికి పైన బరువు తగ్గడం ఎంత మేలో మీరే ఆలోచించండి. పరీక్ష చేద్దామని గుడి ఇటుక మీద చేయి వేయకండి సుమా! ఇంట్లో ఒక గిన్నెలో నీళ్లు పోసి, చెక్కముక్కతో, గులకరాయితో, ఎండిన సొరబుర్రతో పరీక్షించండి.

గుడి చూసి చెరువుకు పోయాము. కొండల మధ్య ఉన్న సందుకు అడ్డంగా పెద్ద మట్టికట్ట వేస్తే, ఇటు కురిసిన వాననీరంతా అక్కడ ఆగుతుంది. కట్టలో ఉండే తూము పొలాలకు నీళ్లు వదులుతుంది. చెరువు నిండిపోతే ఎక్కువ నీరు మత్తడి మీదుగా పొర్లి కిందికి పోతుంది. మత్తడి లేకపోతే నీరు కట్టను తెంచుకొని ఊళ్ల మీద పడేది. కాకతీయులనాటి ఈ ఏర్పాటు వల్ల ఇప్పటికీ అక్కడ వరి పండుతున్నది.

పూర్వం మనవాళ్లు సప్తసంతానాలని చెప్పుకునేవారు. మనిషి పోయిన తరువాత కూడా అతని పేరు నిలిపేవి ఏడు. వాటిలో చెరువు తవ్వించడం, వనం వేయించడం, గుడి కట్టించడం ఉన్నాయి. ఆ ఒక్కరోజులో మా పిల్లలు ఈ మూడింటినీ చూశారు.

ఇక్కడ మీతో ఒక దిగులు సంగతి చెప్పాలి. మా ఊరి చెరువు వెనక ఒక బీడు ఉండేది. దాని నిండా తంగేడు ఉండేది. ఇప్పుడు అక్కడ హద్దురాళ్లు పాతారు. చెరువులోకి నీరు వచ్చే కాలువను మట్టి పోసి పూడ్చారు. మొన్న బతుకమ్మకు మా వీధివాళ్లు తంగేడు పూలు అంగట్లో కొన్నారు. పక్కింటి ఎనిమిదేళ్ల పాప, "అవ్వా, ఈ పూలు ఏ చెట్టుకు పూస్తయి?" అని అడిగింది. ఆ అవ్వ పాపను వెంటబెట్టుకొని రెండు వీధులు తిరిగి, చూపించడానికి ఒక్క మొక్క కూడా లేక తిరిగి వచ్చింది.

పోయినవి పూలు మాత్రమే అయితే సరిపెట్టుకోవచ్చు. కాని మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి నీరు కింది చెరువుకు, దానిది ఇంకా కింది చెరువుకు పోతుంది. గొలుసులో ఒక్క కొండి తెగితే నీరు తన దారి మరిచిపోదు, ఇళ్లలోకి వస్తుంది. 2020 ఆగస్టులో వరంగల్, హనుమకొండల్లో కాలనీలు నీట మునిగాయి. నీరు పోవలసిన నాలాల మీద కట్టడాలు లేచినందువల్ల ముప్పు పెరిగింది. గొలుసును బాగుచేయడమూ మన చేతిలోనే ఉన్నది. తెలంగాణలో 46,000కు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీశారు. ఆ పూడికమట్టిని రైతులు తమ చేలలో ఎరువుగా చల్లుకున్నారు.

మరి మీరేమి చేయగలరు? ఈ కార్తీకంలో మీ బడివాళ్లో, వీధివాళ్లో వనభోజనానికి వెళ్తారు గదా. నోటు పుస్తకం ఒకటి తీసుకుపోండి. అక్కడి చెరువు పటం గీయండి. నీరు ఎటునుంచి వస్తున్నది, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, ఆ నీరు ఏ చెరువుకు పోతుంది అన్నవి గుర్తించండి. వెంట వచ్చిన పెద్దవాళ్లలో అందరికన్న పెద్దవారిని అడిగి ఐదు మొక్కల పేర్లు, వాటి ఉపయోగాలు రాసుకోండి. తెలియని కాయను మాత్రం నోట పెట్టకండి. పెద్దలు లేకుండా నీళ్లలో దిగకండి. అక్షరాలున్న పాతరాయి కనిపిస్తే దానికి సున్నం, రంగు పూయనివ్వకండి. ఫోటో తీసి మీ పంతులుగారికి చూపించండి. ఆయన పురావస్తు శాఖకు తెలియజేస్తారు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. భోజనాలకు మోదుగాకు విస్తళ్లు పెట్టించండి. తిన్న తరువాత అవి మట్టిలో కలిసిపోతాయి. ప్లాస్టిక్ పళ్లెం, సంచీ అక్కడే పడి ఉంటాయి. అన్నం వాసనకు ఆవులు వాటిని తింటాయి, తూములో అవి అడ్డుపడతాయి. తెచ్చిన సంచీలన్నీ తిరిగి ఇంటికి చేరాయో లేదో లెక్క చూసే పని పిల్లలకే అప్పగించండి. వాళ్లు ఒక్కటి కూడా వదలరు.

తంగేడు కాయలు ఎండినప్పుడు గింజలు ఏరి దాచుకోండి. వానాకాలం రాగానే బడి కంచె వెంబడి, చెరువు దారి పక్కన చల్లండి. అది నీళ్లు పోయమని అడిగే మొక్క కాదు. మీ చెరువు పటం పూర్తయితే మీ గ్రామ పంచాయతీ వారికి ఒక నకలు ఇవ్వండి. వచ్చే ఏడు మళ్లీ అదే చెరువుకు వెళ్లి, గీసిన కాలువలన్నీ అక్కడ ఉన్నాయో లేదో సరిచూసుకోండి.